వాట్లు అడగకుండా కార్డు కొనొద్దు



సంఘం గదికి కంప్యూటర్ కొనాలన్న పోస్టు కింద వచ్చిన కామెంట్లన్నీ చదివాను. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3090 దొరుకుతోందట, 24 జీబీ మెమరీ అట. "మృగం అన్నా అది", "కొంటే అదే కొనాలి", "మనోళ్ళు తక్కువ దానితో ఎందుకు సర్దుకోవాలి" అని వరసగా రాశారు. అన్ని కామెంట్లలో ఆ కార్డు ఎన్ని వాట్లు తింటుందని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. నేను ఆ కార్డు కొనడానికి వ్యతిరేకం. ఎందుకో పొడుగ్గా రాస్తున్నా. ఓపిగ్గా చదివి ఆ తర్వాత తిట్టండి.

3090 రేటెడ్ పవర్ 350 వాట్లు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. అంటే ఆ ఒక్క కార్డు పూర్తి పనిలో ఉంటే నాలుగున్నర ఫ్యాన్ల కరెంటు లాగుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులైతే దాదాపు 39. ఇది కార్డు మాత్రమే. ప్రాసెసర్, మానిటర్, మిగతావి కలిపితే 500 వాట్ల దగ్గరికి వస్తుంది. మన గదిలో ఇప్పుడున్నవి రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. మదర్‌బోర్డు మీద కార్డు పెట్టే స్లాటు నుంచి వచ్చే కరెంటు 75 వాట్లకే పరిమితం. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ సరిగ్గా ఆ 75 వాట్లలోనే నడిచేది, వేరే వైరు అక్కర్లేదు, పాత ఆఫీసు కంప్యూటర్‌లో గుచ్చితే చాలు. అదే ఏడాది పెద్ద కార్డుగా వచ్చిన 1080 కూడా 180 వాట్లే. తర్వాత చూడండి: 2017లో 1080 టీఐ 250, 2020లో 3090 350, 2022లో 4090 450, 2025లో 5090 575 వాట్లు. తొమ్మిదేళ్ళలో 180 నుంచి 575కి. 4090కి కొత్తరకం కనెక్టరు పెట్టారు. ఆ చిన్న ప్లగ్గు గుండా 600 వాట్ల దాకా పంపొచ్చు. వోల్టేజీ 12 కాబట్టి 600 వాట్లంటే 50 ఆంపియర్లు. మన ఇంట్లో మోటారుకి పెట్టే పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది. 2022 చివర్లో కొన్ని 4090 కార్డుల కనెక్టర్లు కరిగిపోయిన ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. ప్లగ్గు పూర్తిగా లోపలికి నొక్కకపోవడం వల్లే అని కంపెనీ చెప్పింది. సరే అనుకుందాం. కొంచెం వదులుగా పెడితే కరిగిపోయేంత కరెంటు ఒక ప్లగ్గులోంచి పంపాలని ఎవరు నిర్ణయించారు అనేది నా ప్రశ్న.

దీనికి జవాబు ఫిజిక్స్‌లో సగం, మార్కెట్‌లో సగం ఉంది.

ఫిజిక్స్ సంగతి ముందు చూద్దాం. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్ళకి ఇది కష్టం కాదు. చిప్పు తినే పవర్ ప్రధానంగా రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఫ్రీక్వెన్సీ, రెండోది వోల్టేజీ వర్గం. ఫ్రీక్వెన్సీ పెంచాలంటే ఒక హద్దు దాటాక వోల్టేజీ కూడా పెంచక తప్పదు. రెండూ 10 శాతం చొప్పున పెంచారనుకోండి, 1.1ని మూడుసార్లు గుణిస్తే 1.33. అంటే 10 శాతం వేగం కోసం 33 శాతం ఎక్కువ కరెంటు. తిప్పి చూస్తే ఇంకా బాగుంటుంది. రెండూ 10 శాతం తగ్గిస్తే 0.73. వేగంలో పదో వంతు వదులుకుంటే కరెంటులో నాలుగో వంతు కన్నా ఎక్కువ మిగులుతుంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కే బండిని చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పైకి పది నిమిషాలు ముందు చేరాలని ఇంజిన్ని అరిపిస్తూ ఎక్కించే డ్రైవరు డీజిల్ ఎంత తగలేస్తాడో, పక్కన కూర్చున్న క్లీనరుకి తెలుసు.

ఒకప్పుడు ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ దాని వోల్టేజీ కూడా దామాషాగా తగ్గేది, అందుకే వేగం పెరిగినా చిప్పు వేడెక్కేది కాదు. 1974లో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన తోటివాళ్ళు ఇది చెప్పారు. 2005 ప్రాంతంలో ఆ సౌకర్యం అయిపోయింది. అప్పటి నుంచి వేగం ఊరికే రావడం లేదు, ఎక్కడో ఒకచోట వాట్ల రూపంలో కట్టాల్సి వస్తోంది.

ఇక మార్కెట్. రివ్యూ వీడియోల్లో బార్ చార్టు చూస్తారు కదా, పై బారు ఎవరిదైతే వాళ్ళే గెలిచినట్టు. ఆ బారు 5 శాతం పొడుగు కావడం కోసం కంపెనీలు కార్డుని ఫ్యాక్టరీలోనే అంచు దాకా తోసి అమ్ముతాయి. దీనికి సాక్ష్యం కావాలా? 4090 పవర్ లిమిట్‌ని 70 శాతానికి, అంటే 315 వాట్లకి దించితే గేముల్లో వేగం సుమారు 5 శాతం మాత్రమే తగ్గినట్టు పరీక్షించినవాళ్ళు కొలిచి చూపించారు. అంటే ఆ పైన ఉన్న 135 వాట్లు దాదాపుగా చార్టు కోసమే. దాదాపు రెండు ఫ్యాన్ల కరెంటు, ఎవరికీ గాలి తగలకుండా. 5090 సంగతి ఇంకా విచిత్రం. 4090 కన్నా సుమారు 30 శాతం వేగం, 28 శాతం ఎక్కువ వాట్లు. దీన్ని కొత్త తరం అన్నారు. నా దృష్టిలో అది పాత తరానికే ఎక్కువ మేత పెట్టడం.

మన తెలుగు టెక్ చానళ్ళవాళ్ళు మంచిగా చెప్తారు, వాళ్ళ దగ్గర నేనూ నేర్చుకున్నా. కానీ ఎక్కువమంది వీడియోల్లో వాట్లు వచ్చేది చివరి అర నిమిషం, అది కూడా "పవర్ సప్లై 850 పెట్టుకోండి ఫ్రెండ్స్" అన్నంత వరకే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో కూర్చుని చూసేవాడికి అది చాలు. వాడికి కరెంటు అంటే నెలాఖరు బిల్లు. గాలివాన వస్తే రెండ్రోజులు లైను రాని ఊళ్ళో, సాయంత్రం ఏడింటికి ట్యూబ్‌లైటు వెలగడానికి ఐదుసార్లు కొట్టుకునే ఊళ్ళో, కరెంటు అంటే ముందు అది ఉందా లేదా అన్నది.

ఇక్కడ అవతలి వాదన న్యాయంగా చెప్పాలి. మన గ్రూపులోనే ఇంజినీరింగ్ చదివే అన్న ఒకరు అన్నారు: "తమ్ముడూ, వాట్లు కాదు చూడాల్సింది, యూనిట్లు. పెద్ద కార్డు పని గంటలో అయిపోతే ఆపేస్తాం. చిన్నది నాలుగు గంటలు నడవాలి." ఇది నిజం. 350 వాట్ల కార్డు గంటలో ముగిస్తే 0.35 యూనిట్. అదే పని 115 వాట్లది నాలుగు గంటలు చేస్తే 0.46. పెద్దదే పొదుపు. ముగింపు ఉన్న పనికి, ఉదాహరణకి బ్లెండర్ రెండరింగ్‌కి, ఈ లెక్క ఒప్పుకోవాల్సిందే. కొత్త తరాల్లో మధ్యస్థాయి కార్డులు నిజంగా బాగుపడ్డాయన్నదీ ఒప్పుకోవాలి. 115 వాట్ల 4060, అంతకుముందు 200 వాట్లు తిన్న 3060 టీఐకి కొంచెం వెనకే ఉంటుంది.

కానీ అన్నా, మన గదికి అడ్డం యూనిట్లు కాదు. ఒక్కసారిగా ఎంత లాగగలం అన్నదే అడ్డం. మనకున్నది సింగిల్ ఫేజు, ఊరి చివరి స్తంభం. సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది. కంప్యూటర్ పవర్ సప్లైకి వోల్టేజీ తగ్గిందని జాలి ఉండదు, దానికి కావాల్సిన వాట్లు అవే కాబట్టి ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. పాత వైరింగు వేడెక్కేది ఆంపియర్లకే. పైగా 3090 లాంటివి 350 వద్ద బుద్ధిగా కూర్చోవు. సెకనులో వెయ్యో వంతు సేపు దానికి చాలా పైకి ఎగిరి దిగుతాయి. ఆ ఎగుళ్ళకి మంచి పవర్ సప్లైలే ట్రిప్ అయిపోయేవి. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, రేటింగుకి రెట్టింపు దాకా పోయే క్షణిక లోడుని తట్టుకోవాలని రాయాల్సి వచ్చింది. మనం పెట్టేది మామూలు ఇంటి ఇన్వర్టరు. దాని పరిస్థితి మీరే ఊహించండి.

ఇన్వర్టర్ లెక్క కూడా చూద్దాం. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద ఉన్నది 1800 వాట్ అవర్లు. అందులో వాడుకోదగ్గది, మార్పిడిలో పోయేది తీసేస్తే 1200 దాకా మిగులుతుంది అనుకుందాం. 500 వాట్ల మిషను పూర్తి లోడులో రెండున్నర గంటలు కూడా నిలబడదు. 220 వాట్ల మిషను ఐదు గంటలు దాటుతుంది. గ్రూప్-2కి చదివే అక్క ఆన్‌లైన్ టెస్టు మధ్యలో ఉండగా కరెంటు పోతే ఈ తేడా ఏమిటో తెలుస్తుంది. రోజుకి ఆరు గంటలు నడిపితే నెలకి మొదటిది 90 యూనిట్లు, రెండోది 40. ఎస్టీ ఇళ్ళకి ఉచిత యూనిట్లు ఉన్నాయి కదా అనకండి, సంఘం గది ఇల్లు కాదు, దాని బిల్లు మన చందాల్లోంచే కట్టాలి.

"3090నే కొని పవర్ లిమిట్ 220కి కట్టేద్దాం" అని ఎవరైనా అంటారని తెలుసు. అన్నిట్లోకీ గట్టి వాదన ఇదే. నిజంగానే అలా కట్టినా అది మంచి వేగం ఇస్తుంది. కానీ ఆ లిమిట్ ఒక సాఫ్ట్‌వేర్ సెట్టింగ్. ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ కమాండుతో పెడితే, మిషను ఆపి మళ్ళీ ఆన్ చేయగానే పాత 350కి వచ్చేస్తుంది. ప్రతిసారీ దానంతటదే అమలయ్యేలా స్క్రిప్టు పెట్టొచ్చు, సరే. విండోస్ మళ్ళీ ఎక్కించిన రోజు ఆ స్క్రిప్టు ఎవరు పెడతారు? మనలో ఆ పని తెలిసినవాళ్ళం అందరం ఊరికి దూరంగా హాస్టళ్ళలో ఉన్నాం. ఇంకో సంగతి. సెకండ్ హ్యాండ్‌లో వచ్చే 3090లలో చాలా వరకు ఏ పనిలోంచి వచ్చాయో ఆలోచించండి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక రాత్రింబగళ్ళు తిరిగిన కార్డులు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. 3090లో మెమరీ చిప్పులు బోర్డుకి రెండు వైపులా ఉంటాయి, వెనకవైపువి బాగా కాగుతాయి. వారంటీ లేదు. పోతే మన ఏడాది చందా పోయినట్టే.

ఇంతకీ ఆ కంప్యూటర్‌తో ఏం చేద్దామనుకుంటున్నాం? పోస్టులోనే ఉంది. పెద్దవాళ్ళ చేత కోయ భాషలో కథలు, పాటలు చెప్పించి రికార్డు చేయడం. పండగల వీడియోలు ఎడిట్ చేయడం. పోటీ పరీక్షల క్లాసులు. ఏఐ నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ఒక మిషను. ఆడియోకి గ్రాఫిక్స్ కార్డు పనే దాదాపు లేదు, దానికి కావాల్సింది మంచి మైకు, చప్పుడు లేని గది. 350 వాట్ల వేడిని బయటికి తోసే మూడు ఫ్యాన్ల చప్పుడు మధ్య ముసలమ్మ పాట రికార్డు చేస్తామా? వీడియో ఎక్స్‌పోర్టు చేసే ఎన్‌కోడర్ చిప్పులో విడి భాగం. 3060లో ఉన్నదీ 3090లో ఉన్నదీ అదే తరానిది, అదే ఒక్కటి. భారీ ఎఫెక్టులు పెడితే తేడా వస్తుంది, మనం తీసే పావుగంట వీడియోల్లో ఎక్స్‌పోర్టుకి ఆ తేడా పెద్దగా కనపడదు.

ఏఐకి మాత్రం 24 జీబీ మెమరీ నిజంగా పనికొస్తుంది, కాదనను. పెద్ద మోడళ్ళు పట్టాలంటే మెమరీ కావాలి. కానీ 700 కోట్ల పారామీటర్ల మోడల్ని 4 బిట్లకి కుదిస్తే దాని బరువు మూడున్నర జీబీ, మిగతా అవసరాలు కలిపినా 8 జీబీలో నడుస్తుంది, 12 జీబీలో హాయిగా నడుస్తుంది. అంతకన్నా పెద్ద పని ఉంటే గూగుల్ కొలాబ్‌లో, కాగుల్‌లో ఉచితంగా ఇచ్చే టీ4 కార్డు ఉంది. గంటలకి హద్దు ఉంటుంది, నెట్ ఉండాలి, ఆ బాధలు ఉన్నాయి. అయినా ఒక్క విషయం గమనించండి. టీ4 2018 నాటిది, 16 జీబీ మెమరీ, తినేది 70 వాట్లు. ప్రపంచంలో ఎంతమంది విద్యార్థులు ఏఐ మొదటి పాఠం నేర్చుకున్నది ఒక ఫ్యాను కన్నా తక్కువ కరెంటు తినే ఆ కార్డు మీదే. మృగం లేకపోతే నేర్చుకోలేం అనేవాళ్ళు దీన్ని చూడాలి.

ల్యాప్‌టాప్ కొనబోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ ముక్క మీకోసం. ఆర్‌టీఎక్స్ 4060 అని స్టిక్కర్ ఉన్న ల్యాప్‌టాప్‌లన్నీ ఒకటి కాదు. అదే పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా దేనికైనా పెట్టుకోవచ్చని తయారీదారులకి అనుమతి ఉంది. 35 వాట్లది, 115 వాట్లది పక్కపక్కన పెడితే ఒకే పేరున్న రెండు వేరు కార్డులే అవి. మా హాస్టల్‌లో ఒక తమ్ముడు స్కాలర్‌షిప్ డబ్బులు, అమ్మ జీడిపప్పు అమ్మిన డబ్బులు కలిపి టౌన్లో కొన్నాడు. "టీజీపీ ఎంత" అని అడిగితే దుకాణంలో "4060 అంటే 4060యే, నీకు తెలీదా" అని వెటకారం చేశారట. వాడు బిడియపడి ఊరుకున్నాడు. మీరు బిడియపడొద్దు. ఇంగ్లిష్ సరిగ్గా రాకపోయినా సరే, టీజీపీ అన్న మూడక్షరాలు చాలు. స్పెసిఫికేషన్ కాగితం మీద అంకె చూపించే దాకా డబ్బులు తీయకండి. ఎక్కువ వాట్లదే కొనమని కూడా నేను అనట్లేదు. రోజంతా చార్జర్ లేకుండా క్లాసులో తిరిగేవాడికి తక్కువ వాట్లదే మేలు. తెలిసి కొనమంటున్నా.

గేములు ఆడేవాళ్ళూ, మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే 200 ఫ్రేములు గీయించి ఏం లాభం? 140 ఫ్రేములు కంటికి చేరకుండానే పోతాయి. 60కి క్యాప్ పెట్టండి, చాలా గేముల్లో కార్డు వాట్లు సగానికి దిగుతాయి.

"గ్రాఫిక్స్ కార్డుల వాట్ల గురించి గూడెం పిల్లలకి ఎందుకు రా" అని కూడా ఒకరు రాశారు. దానికి నా జవాబు కొంచెం ఘాటుగానే ఉంటుంది. డేటా సెంటర్లలో పెట్టే కార్డులు చూడండి. 2017లో వీ100 300 వాట్లు, 2020లో ఏ100 400, 2022లో హెచ్100 700, ఆ తర్వాతి బీ200 1000 వాట్లు. హెచ్100లు ఎనిమిది పెట్టిన ఒక్క డబ్బా గరిష్ఠంగా 10 కిలోవాట్లు లాగుతుంది. ఒక కిలోవాట్ లోడు రాసున్న ఇళ్ళు పదింటికి సమానం, అదీ అన్ని ఇళ్ళూ ఒకేసారి పూర్తి లోడు వాడితే. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖపట్నంలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది. గిగావాట్ స్థాయి అని వాళ్ళే చెప్పారు. గిగావాట్ అంటే 1000 మెగావాట్లు. మన మోతుగూడెం దగ్గర లోయర్ సీలేరు కేంద్రం నాలుగు యూనిట్లూ పూర్తిగా తిరిగితే 460. అలాంటివి రెండు పెట్టినా చాలదు.

సీలేరు నీళ్ళు మనవి. మాచ్‌ఖండ్ 1955 నుంచి నడుస్తోంది. ఆ లైన్లు మన కొండల మీదుగానే మైదానానికి దిగాయి. ఆ తీగల కింద ఉన్న ఎన్ని గూడేలకి బల్బు వెలగడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో మీ తాతని అడగండి. ఇప్పుడు ఎర్రవరం, పెదకోట వైపు పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులంటున్నారు, మనవాళ్ళు గ్రామసభ తీర్మానం లేకుండా ఒప్పుకోమని కూర్చున్నారు. ఫలానా ప్రాజెక్టు కరెంటు ఫలానా డేటా సెంటర్‌కే పోతుందని నేను అనట్లేదు. గ్రిడ్‌లో పడ్డాక ఏ యూనిట్ ఎవరిదో చెప్పలేం. కానీ డిమాండ్ పెరిగిన ప్రతిసారీ ఎవరి కొండల వైపు చూస్తారో మనకి అనుభవం. 1996 పెసా చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు గ్రామసభని సంప్రదించాలి. ఆ సభలో "ఈ కరెంటు ఎందుకు, ఇంతే పని తక్కువ వాట్లలో ఎందుకు చేయరు" అని అంకెలతో అడగగలిగే పిల్ల ఒకతి మన ఊళ్ళో ఉండాలని నా ఆశ. 135 వాట్లు తగ్గిస్తే 5 శాతమే పోతుందని తెలిసినవాళ్ళని, అభివృద్ధికి అడ్డం అని ఒక్క మాటతో కూర్చోబెట్టలేరు.

ఇక మన కొనుగోలు. నా ప్రతిపాదన ఇది. 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060, బిల్లూ వారంటీ ఉన్నదే. దాని రేటింగ్ 170 వాట్లు. మర్చిపోయి ఎవరూ లిమిట్ పెట్టకపోయినా గది తట్టుకుంటుంది, పెడితే ఇంకా మంచిది. మంచి కంపెనీ 550 వాట్ల పవర్ సప్లై. మిగిలిన డబ్బుతో ఇన్వర్టర్ బ్యాటరీ, రెండు మైకులు, ఎర్తింగ్. ఎర్తింగ్ అన్నది ఎవరూ రాయలేదు, గది కట్టినప్పుడు వేశారో లేదో కూడా ఎవరికీ గుర్తులేదు.

3090 కావాలనేవాళ్ళు ఆదివారం మీటింగ్‌కి వాళ్ళ లెక్క తెచ్చుకోండి, ఇన్వర్టర్ సైజు, బ్యాటరీ ఖర్చు, నెల బిల్లు కలిపి. ఈలోగా ఊళ్ళో ఉన్న అన్నలెవరైనా గది మీటరు దగ్గరికి వెళ్ళి, పాత బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్ ఎంత రాసుందో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. రాత్రి ఏడింటప్పుడు ఒకసారి టెస్టర్ కాకుండా మల్టీమీటర్‌తో వోల్టేజీ కూడా చూస్తే మంచిది. మల్టీమీటర్ హైస్కూల్ ల్యాబ్‌లో ఉంది, సార్‌ని అడిగితే ఇస్తారు.